ఐదో గడిలో రాసిన మాట

పాలకుంట
26 జూన్ 1960

బాపుకు, అవ్వకు,

మీ బిడ్డ వసంత దండం పెట్టి రాసేది. నేను మంచిగ చేరిన. కోటగిరి దాక బస్సు, ఆడికెల్లి ఎడ్లబండి. కాలువ గట్టు పొంటి అంతా బురద. బండి రెండుసార్లు దిగబడ్డది. నేను దిగబోతే బండాయన వద్దన్నడు. "టీచరమ్మ కాళ్లకు బురద అంటొద్దు" అని తనే దిగి చక్రం ఎత్తిండు. మనల్ని అట్ల ఎవరన్న అన్నరా బాపూ, ఎప్పుడన్న? ముందు నవ్వొచ్చింది. తరువాత ఎందుకో భయమైంది.

బడి రెండు అర్రలు, ముందట అరుగు. పెంకలు కారుతున్నయ్. పిల్లలు నలభై మూడు మంది. ముందున్న పంతులు బదిలీ మీద పోయి ఏడాదైందట.

ఉండటానికి అనసూయమ్మ అనే ఆమె ఇంట్ల అర్ర దొరికింది. కాపోళ్లు. పసుపు, వరి పండిస్తరు. భర్త లేడు, కొడుకు ఎవుసం చూస్తడు. మంచి మనిషి. "మీ బాపు ఏం చేస్తడు బిడ్డా?" అని అడిగింది. "బోధన్ షక్కర్ ఫ్యాక్టరీల" అన్న. "నౌకరీదార్లన్నట్టు" అనుకుంట తాళం నా చేతిల పెట్టింది. ఆమె ఇంకేం అడగలే. నేను ఇంకేం చెప్పలే.

ఒక మాట. కార్డు రాయకు, కవరు రాయి. టపా అనసూయమ్మ చేతికే వస్తది. వానలు తగ్గేదాక ఇటు రాకండి.

నీ బిడ్డ
వసంత


బోధన్
12 జులై 1960

బిడ్డ వసంతకు బాపు ఆశీర్వాదం.

నీ ఉత్తరం నాలుగుసార్లు సదివిన. ఐదోసారి మీ అవ్వకు ఇనిపించిన. ఫ్యాక్టరీ బందున్నది గదా, కార్తీకం దాక నాకు కాలువ కూలే. బజార్ల మా యార్డు జమేదారు మొయినుద్దీన్ భాయి కలిస్తే ఆయనకు సూపెట్టిన. "కొమురయ్యా, నీ బేటీ ఉస్తాదయిందా!" అని అందరి ముందట నా చెయ్యి పట్టుకున్నడు.

కార్డు వద్దంటివి. కార్డు మీద రాయరాని ముచ్చట మనకేమున్నది బిడ్డా? మీ అవ్వకు అనుమానం పట్టుకున్నది. ఎవడన్న పిలగాడున్నడా? ఉంటే సక్కగ చెప్పు. తిట్టం.

ఇంకొక్కటి. మన వాడ పిల్లలు బడికొస్తున్నరా? యాడ కూసుంటున్నరు? నేను చిన్నగున్నప్పుడు బడి గోడ అవతల నిలబడి ఎక్కాలు ఇనేటోన్ని. ఎక్కాలు ఇంటే వస్తయ్. అచ్చరాలు ఇంటే రావు, సూడాలె. అందుకే నాకు నలభై ఏండ్లు పట్టింది. ఫ్యాక్టరీ కాలనీల పెద్దోళ్ల బడి పెడితే అప్పుడు సూసిన. నీ బడిల గోడ అవతల ఎవ్వలు నిలబడొద్దు. రాయి.

బాపు కొమురయ్య


పాలకుంట
5 ఆగస్టు 1960

పూజ్యులైన బాపుకు,

పిలగాడు లేడు, ఏం లేడు. అవ్వకు చెప్పు, నవ్వుకుంటది. ఇక్కడి టపా పదిమంది చేతులు మారుతదని కవరు రాయమన్న, అంతే.

కాలువ నీళ్లు వదిలిండ్రు. నాట్లు పడుతున్నయ్. నాట్లప్పుడు పెద్ద పిల్లలు సగం మంది బడికి రారు. వచ్చినోళ్లందరు శ్రద్ధగా చదువుకుంటున్నారు. ప్రార్థన గీతం అందరికి నోటికొచ్చింది. బడి ఊడ్చే ఈరవ్వ అని ఒకామె ఉన్నది. నన్ను చూసినప్పుడల్లా నవ్వుతది. ఎందుకో ఆమె కండ్లల్లకు చూడ బుద్ధికాదు నాకు.

బతుకమ్మకు నేనే వస్త. మీరు రావద్దు.

వసంత


బోధన్
6 అక్టోబర్ 1960

బిడ్డకు,

బతుకమ్మకు రాకపోతివి. మీ అవ్వ తంగేడు పూలు తెచ్చి నీళ్లల్ల పెట్టి పొద్దుగూకేదాక తొవ్వకు సూసింది. ఆఖరికి నేనే పేర్చిన, వంకరగ.

నీ ఉత్తరాలల్ల పుస్తకం మాటలెక్కువైనయ్. యాడ కూసుంటున్నరు అంటే "శ్రద్ధగా చదువుకుంటున్నారు" అంటివి. నేనడిగిందేంది, నువ్వు చెప్పిందేంది? నీకు కష్టమున్నదా? పానం బాగలేదా? లేకపోతే మేం వస్తే నీకు నామోషీనా? ఈ ఆఖరి మాట మీ అవ్వ రాయొద్దన్నది. రాసిన.

బాపు


పాలకుంట
14 నవంబర్ 1960

బాపూ,

తప్పైంది. అనసూయమ్మ పోనియ్యలే. "ఆడపిల్లవు, ఇంటికి లచ్చిమివి, సద్దుల నాడు పోతవా" అని పెద్ద బతుకమ్మ నా నెత్తి మీదనే పెట్టింది. కాదనుడు నాతోని కాలే. ఊరి ఆడోళ్లందరితోని ఆడిన. నామోషీ అని నువ్వెట్ల రాసినవ్? ఆ మాట చదివి రెండు రోజులు అన్నం తినలే.

నువ్వు పంపిన మనిషి మొన్న వచ్చి పోయిండట. నేను బడిల ఉన్న. నువ్వుల ముద్దలు, అవ్వ కుట్టిన బొంత అందినయ్. "మీ జీతగాడొచ్చిండు, గేటు కాడ్నే దోసిట్ల నీళ్లు పోసి పంపిన. పాపం దప్పికతోని ఉన్నడు" అన్నది అనసూయమ్మ. ఎవరతను? మన వాడాయనా? ఏమన్న మాట జారిండా? ఇంక ఎవ్వర్ని పంపకు బాపూ. నేనే సంక్రాంతి దాటినంక వస్త.

వసంత


బోధన్
24 నవంబర్ 1960

బిడ్డకు,

ఆ మనిషి ఏం మాట జారలే. నువ్వు రంది పడకు. బడి ముందట కొంచెంసేపు నిలబడ్డడట. నువ్వు పాఠం చెప్పుతుంటే గొంతు గట్టిగ ఇనొచ్చిందట. మంచిగ చెప్తున్నవన్నడు.

ఇంక రాడు.

ఫ్యాక్టరీ తెరిచిండ్రు. చెరుకు బండ్లు కోటగిరి తొవ్వ దాక నిలబడ్డయ్. రాసే తీరిక లేదు.

బాపు


పాలకుంట
16 ఫిబ్రవరి 1961

బాపూ,

ఈ ఉత్తరం ఎట్ల మొదలుపెట్టాల్నో తెలుస్తలేదు.

జనాభా లెక్కలు రాసే పని సర్కారు మా టీచర్లకు పెట్టింది. ఇంటింటికి పోయి ఒక్కొక్క మనిషికి ఒక్కొక్క చిట్టి రాయాలె. పేరు, వయసు, పుట్టిన ఊరు. ఐదో గడిల మతం, షెడ్యూల్డు కులమైతే ఆ కులం పేరు. మిగిలినోళ్ల కులం రాయొద్దన్నరు. మనది మాత్రం రాయాలె.

నిన్న ఇక్కడి మన వాడకు పోయిన. ఎనిమిది నెలల్ల మొదటిసారి. ఈరవ్వ ముంగిట్ల చాప పరిచింది. నేను నిలబడే రాస్తనన్న.

"కూసో బిడ్డా. ఇక్కడ ఎవ్వలు సూడరు" అన్నది.

"ఏం మాట అది?" అన్న.

"నువ్వు బోధన్ కొమురయ్య బిడ్డవు గాదా? మా చెల్లెను మీ వాడకే ఇచ్చినం. నువ్వు పసిపిల్లప్పుడు ఎత్తుకున్న. బడికొచ్చిన నాడే ఆనవాలు పట్టిన."

"మరి ఎవ్వరికి ఎందుకు చెప్పలే?"

"చెప్తే నిన్ను ఉండనిస్తరా? మా పిల్ల ఒక్కతన్న కుర్చీల కూసున్నది. సూస్తే నాకు కడుపు నిండుతది."

అంతకన్నా నన్ను చెంప మీద కొడితే బాగుండు. జులైల నువ్వడిగిన దానికి ఇప్పుడు జవాబు రాస్తున్న. మన పిల్లలు తొమ్మిది మంది అరుగు మీద కూసుంటరు. లోపలికి రారు. దప్పికైతే నేను లోటతోని మీదికెల్లి దోసిట్ల పోస్త. ముందున్న పంతులు అట్లనే చేసేటోడట. నేను మార్చలే. మారిస్తే ఎందుకు మార్చినవని అడుగుతరు. ఈరవ్వకు గూడ అట్లనే పోసిన. నేనెవర్నో ఎరికుండి గూడ ఆమె దోసిలి పట్టింది.

ఇంకా ఉన్నది. "మీ బాపు కార్తీకంల బక్కగ కనిపించిండు, ఇప్పుడు బాగున్నడా?" అని అడిగింది. మా బాపు రాలేదన్న. అప్పుడు చెప్పింది. అనసూయమ్మ "నువ్వు టీచరమ్మకు ఏమైతవ్?" అంటే నువ్వు "జీతగాన్ని" అన్నవట. పోయేటప్పుడు కాలువ కాడ ఈరవ్వ కలిస్తే, నాకు చెప్పొద్దని ఒట్టు పెట్టిచ్చుకున్నవట.

బాపూ, నేను ఆ ఇంటామె నోటితోని ఆ మాట విని నీకే రాసిన. ఎవరతను, ఇంక పంపకు అని రాసిన.

ఈ నెలాఖరు లోపట నా చిట్టి గూడ నేనే రాసుకోవాలె. హాస్టల్ల పేరు రాయించినప్పుడు, స్కాలర్‌షిప్ కాగితం మీద సంతకం పెట్టినప్పుడు మన కులం రాసిన్నే గదా. తీసుకునే కాగితం మీద ఉండి, ఇక్కడ లేకపోతే నేనేమైత? ఏం చెయ్యాల్నో చెప్పు.

వసంత


బోధన్
25 ఫిబ్రవరి 1961

నా బిడ్డ వసంతకు,

నీ ఉత్తరం వచ్చి ఐదు దినాలైంది. రోజు రాద్దామని కూసునుడు, లేసుడు.

జీతగాన్ని అని నా నోటితోని నేనే అన్న. నన్నెవ్వలు అనిపియ్యలే. ఆమె ఇల్లు సూసిన, గడపకు పసుపు సూసిన, దండెం మీద నీ చీర సూసిన. నా ఒక్క మాటతోని అన్ని పోతయని సమజైంది. కష్టం కాలేదని అబద్ధమాడ. ఆ రోజు బస్సు ఎక్కలే, నడుసుకుంటనే వచ్చిన. కని నీ తప్పు లేదు.

ఇప్పుడు ఇను. రాయకు. ఆ గడి ఖాళీ పెట్టు. దేశంల ఇన్ని కోట్ల మందిల ఒక్కతి తక్కువైతే సర్కారుకు ఏం తక్కువైతది? రాసినోనికి సర్కారు ఏం కాపలా పెట్టదు. ఊర్లె ఉండేది నువ్వు. మేమిద్దరం నీకు దూరంగ ఉంటం, నువ్వు మంచిగ ఉండు. అంతే కోరేది.

పిల్లల సంగతి నీ మనసుకు ఒదిలిపెడుతున్న.

బాపు


పాలకుంట
7 మార్చి 1961

బాపూ,

నీ ఉత్తరం మార్చి మూడున అందింది. నేను ఫిబ్రవరి ఇరవై ఎనిమిదినే రాసిన. నా చేత్తోనే, మాదిగ అని.

చిట్టీలు సరిచూసేది ఊరి పట్వారి. నా చిట్టి కాడ ఆగిండు. "టీచరమ్మా, ఇక్కడ తప్పు పడ్డది" అన్నడు. తప్పు కాదన్న. కలం నా దిక్కు జరిపి "కొట్టెయ్యి. నేను చూడలేదనుకుంట" అన్నడు. నేను కలం ముట్టలే.

లెక్కల రాసింది బయట చెప్పొద్దని కానూనున్నది. ట్రైనింగ్ల మూడుసార్లు చెప్పిండ్రు. పొద్దుగూకకముందే ఊరంతా తెలిసింది.

నేను ఇంటికి పోయేసరికి నా సామాను ముంగిట్ల ఉన్నది. అనసూయమ్మ బిందెలన్ని బోర్లించి ఇల్లు అలుకుతున్నది. తిట్టలే. ఏడుస్తున్నది. "దేవుని అర్ర దాక రానిస్తి గదా బిడ్డా. ఒక్క మాట చెప్పకపోతివి."

"చెప్తే అర్ర ఇచ్చేదానివా?" అన్న.

ఆమె అలుకు గుడ్డ పిండుకుంట అట్లనే నిలబడ్డది. ఆమె మీద కోపం తెచ్చుకుందామంటే వస్తలేదు. జరమొచ్చినప్పుడు మూడు దినాలు నా తల కాడ కూసున్నది ఈమెనే.

తెల్లారి బడికి ముప్పై నాలుగు మంది రాలే. తొమ్మిది మంది వచ్చి అరుగు మీద కూసున్నరు. లోపలికి రమ్మన్న. అంత ఖాళీ అర్రల వాళ్లు వెనక గోడకు ఆనుకొని ఒకరి మీద ఒకరు పడి కూసున్నరు. ముందుకు జరగమంటే ఎవ్వరు జరగలే. ఆఖరికి కుర్చీ తీసి నేనే వెనక గోడ కాడికి పోయిన.

ఇప్పుడు ఈరవ్వ ఇంట్ల ఉంటున్న. పై ఆఫీసుకు దరఖాస్తు పంపిన. అంటరానితనం నేరమని కానూను వచ్చి ఆరేండ్లైంది, ఈ ఊర్లె విచారణ చెయ్యండని రాసిన.

నీ "రాయకు" అన్న మాట చదివి మనసు విరిగింది. నీ బిడ్డనని రాసుకున్నదే గదా నేను. వద్దంటవా?

వసంత


బోధన్
18 మార్చి 1961

బిడ్డకు,

కోపం చెయ్యకు. నీ ఉత్తరం సదివినంక మీ అవ్వకు అన్నం పోలే, నాకు కంటికి కునుకు లేదు. పని నాగ పెట్టి మొయినుద్దీన్ భాయిని తోలుకొని నిజామాబాద్ పోయిన. పెద్దాఫీసుల సాబును కలిసినం.

ఆయన నన్ను కుర్చీల కూసోబెట్టిండు బిడ్డా. నేను నిలబడే మాట్లాడుతనంటే "లేదు లేదు, కూసో కొమురయ్యా, సర్కారు మీ దిక్కే ఉన్నది" అన్నడు. చాయ్ తెప్పిచ్చిండు. నాకు కండ్లల్ల నీళ్లొచ్చినయ్.

"నీ బిడ్డకు ఏం గావాలె?" అన్నడు. "ఆ ఊర్లె ఒక్కతి ఉన్నది సాబ్, పానానికి భయం. బోధన్ దగ్గరికి మార్చండ్రి" అన్న. "తండ్రివి, నువ్వు కోరితే కాదంటమా" అని కాగితం రాయిచ్చిండు. సంతకం పెట్టిన. మొయినుద్దీన్ భాయి "బిడ్డను ఒకసారి అడుగరాదు?" అన్నడు. నేనే ఇనలే.

జల్దినే ఇంటికొస్తవు. మీ అవ్వ అర్రకు సున్నం ఏస్తున్నది.

బాపు


నందిపేట్
10 ఏప్రిల్ 1961

బాపుకు,

పై చిరునామా చూడు. బోధన్ కాదు. గోదారి కాడికి పంపిండ్రు.

ఆర్డరు వచ్చేనాటికి పాలకుంట బడిల పదకొండు మందైండ్రు. గొల్లోళ్ల పిల్లలిద్దరు మళ్లొచ్చిండ్రు. ఇంకో నెల ఉంటే ఇంకో ఇద్దరు వచ్చేటోళ్లేమో. ఆర్డర్ల ఏం రాసిండ్రో తెలుసా? "తండ్రి విన్నపము మేరకు బదిలీ." నా దరఖాస్తుకు గూడ జవాబొచ్చింది. సదరు టీచరు ఆ గ్రామంలో లేదు గనుక విచారణ అవసరం లేదు.

నీ ఒక్క సంతకంతోని రెండు పనులు అయిపోయినయ్ బాపూ. ఊరు మీద విచారణ పోయింది. బడికి తాళం పడ్డది. కొత్త పంతులు ఎప్పుడొస్తడంటే ఎవ్వరు చెప్పరు. ఆ కుర్చీ నీకు మర్యాదకు వెయ్యలే. నిన్ను కూసోబెట్టి నన్ను లేపిండ్రు.

ఇక్కడ అర్ర అడిగేటప్పుడు గడప బయటనే ముందుగాల మనమెవరమో చెప్పిన. మూడిండ్లు లేదన్నయ్. నాలుగోది సాలేహా బీ అని బట్టలు కుట్టే ముసలామెది. "నాకు నీ జాత్‌తోని ఏం పని? మిషన్ సప్పుడుకు నువ్వు పడుకోగల్గుతవా, అది చెప్పు" అన్నది. ఉంటున్న.

నీ మీద కోపమున్నది. దాచుకోను. నన్ను అడిగి ఉంటే నేను వద్దనేదాన్ని, నీకు అది ఎరికే, అందుకే అడగలే. కొన్ని దినాలు రాయకు. కోపం తగ్గినంక నేనే రాస్త. అవ్వకు దండాలు.

వసంత


పాలకుంట
2 మే 1961

బిడ్డ వసంతకు,

రాయొద్దంటివి. అయినా రాస్తున్న, అవసరం పడ్డది.

నీ ఉత్తరం అందినంక మల్ల నిజామాబాద్ పోయిన, ఈసారి ఒక్కన్నే. ఆ కాగితం నాకియ్యండ్రి, మతలబు తెల్వక పెట్టిన సంతకమది అన్న. అదే సాబు. కుర్చీలు అక్కడ్నే ఉన్నయ్, కూసో అనలే. "ఒకసారి దాఖలైనంక అది సర్కారుది కొమురయ్యా" అన్నడు. సాయంత్రం దాక నిలబడ్డ. ఆఫీసు బంద్ చేసుకొని పోయిండ్రు.

నువ్వు రాసింది నిజం. నిన్ను అడిగితే వద్దంటవని ఎరికే. నీ పానం ముందు నాకు ఇంకేం కనవడలే. ఇంతకన్నా నాకు చెప్పుకోరాదు.

చెరుకు అయిపోయింది, ఫ్యాక్టరీ బందైంది. కార్తీకం దాక కాలువ కూలే గదా, అది బోధన్‌ల చేసినా ఇక్కడ చేసినా ఒక్కటే అని మీ అవ్వను తోలుకొని పాలకుంటకు వచ్చిన. ఈరవ్వ ఇంటెనక కొట్టంల ఉంటున్నం. మేమెవరమో ఊర్లె అందరికి ఎరికే. పట్వారి ఒకసారి పిలిచి "ఎందుకొచ్చినవ్?" అన్నడు. "కూలికి" అన్న. అది నిజమే.

బడి తాళం ఇయ్యలే. పొద్దుగాల ఎండ ముదరకముందు ఈరవ్వ గోడ నీడకు పిల్లలను కూసోబెడుతున్న. తొమ్మిది మందిల ఒకడు బర్ల కాపరి అయిండు, ఒక పిల్ల పసుపు ఏరుతందుకు పోతున్నది. ఏడుగురున్నరు. గొల్లోళ్ల పిల్లలు నిన్న దూరం నిలబడి సూసి పోయిండ్రు. నేను పంతుల్ని గాను. నాకొచ్చిన కాడికే చెప్తున్న. ఎక్కాలు పదమూడు దాక తప్పు లేకుండ చెప్త. గుణింతాల కాడ తడబడ్తున్న. మీ అవ్వ గూడ పిల్లల పక్కన కూసుంటున్నది, ఆమెకు "అ" వచ్చింది.

ఇప్పుడు అవసరం చెప్త. ఘ తరువాత ఙ వస్తది గదా. మా కాలనీ బడిల దాన్ని గబగబ దాటేసిండ్రు. నేను గూడ దాటేద్దామనుకున్న. ఈరవ్వ మనుమరాలు పట్టుకున్నది. "కకు కలం, గకు గంప, మరి దీనికేంది తాతా?" అన్నది. రేపు చెప్తనన్న. ఇయ్యాల్టికి మూడు రేపులైనయ్. పొద్దున లేస్తే అదే అడుగుతున్నది. దానితోని మొదలయ్యే మాట ఏదన్న ఉంటే జల్ది రాయి. లేకపోతే లేదనే రాయి, గట్లనే చెప్త.

నీ బాపు
కొమురయ్య